వీఏ ఆసుపత్రిలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ కావాలంటే

హోస్ట్: నమస్కారమండీ. పోయిన వారం మన శ్రోత ఒకాయన మెయిల్ పెట్టారు. గుంటూరులో ఎంబీబీఎస్, అమెరికాలో రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ తీసుకునే స్పెషాలిటీ శిక్షణ, అయ్యాయట. ఇక్కడి మాజీ సైనికుల ఆసుపత్రి, అదే మనం వీఏ అంటాం కదా, అందులో చేరదామనుకుంటున్నారు. "అక్కడ మనవాళ్లు పైదాకా వెళ్లగలరా?" అని అడిగారు. సమాధానం చెప్పడానికి ఒక డాక్టర్ గారిని పిలిచాను. కాకినాడ రంగరాయలో చదివి, వీఏలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. పేరు చెప్పొద్దన్నారు. మేడమ్, నమస్తే.

డాక్టర్: నమస్తే అమ్మా. వెళ్లగలరు. వెళ్లినవాళ్లూ ఉన్నారు.

హోస్ట్: పైదాకా అంటే ఎక్కడిదాకా అండీ?

డాక్టర్: ఒక్కో ఆసుపత్రిలో డాక్టర్లందరికీ పెద్ద, చీఫ్ ఆఫ్ స్టాఫ్. వీఏకి దేశమంతటా 170 దాకా పెద్దాసుపత్రులున్నాయి, క్లినిక్కులు వెయ్యికి పైనే. పేర్లు నమోదు చేసుకున్న మాజీ సైనికులు 90 లక్షలు దాటారు. మామూలుగా ఒక్కో పెద్దాసుపత్రికి ఒక చీఫ్ ఆఫ్ స్టాఫ్.

హోస్ట్: మన జీజీహెచ్‌లో సూపరింటెండెంట్ గారిలాగా?

డాక్టర్: సగమే. అక్కడ సూపరింటెండెంట్ గారు డాక్టరే అయినా శానిటేషన్ కాంట్రాక్టు నుంచి మార్చురీ దాకా అన్నీ ఆయన నెత్తినే. ఇక్కడ ఆ బరువు డైరెక్టర్‌ది. ఆయన డాక్టర్ కానక్కర్లేదు. నర్సులకి వేరే పెద్ద ఉంటారు. వైద్యం మంచీ చెడ్డా మాత్రం చీఫ్ ఆఫ్ స్టాఫ్ చూసుకోవాలి.

హోస్ట్: మరి అర్హతలు?

డాక్టర్: కాగితం మీదవి చూస్తే పెద్ద జాబితా ఏం కాదు. టైటిల్ 38 అని చట్టం ఉంది, వీఏ డాక్టర్లందరికీ అదే. గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి వైద్య డిగ్రీ, ఇంటర్న్‌షిప్, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం లైసెన్సు, ఇంగ్లీషులో మాట్లాడ్డం, రాయడం. ఒక్క రాష్ట్రం లైసెన్సు చాలు, టెక్సస్‌ది పెట్టుకుని ఒహాయోలో పనిచేయొచ్చు. చేరాక రెండేళ్లు ప్రొబేషన్. పౌరసత్వం దగ్గర మటుకు ముందు అమెరికా పౌరులకే అవకాశం, తగినవాళ్లు దొరక్కపోతేనే బయటివాళ్లు. జె-1 అని శిక్షణ కోసం ఇచ్చే వీసా మీదున్నవాళ్లు చదువయ్యాక రెండేళ్లు సొంత దేశానికి వెళ్లాలన్న షరతుంది, దాన్నుంచి మినహాయింపు, అంటే వేవర్ కోసం వీఏ సిఫార్సు చేయగలదు, మనవాళ్లు చాలామంది ఆ దారినే వచ్చారు. సైన్యంలో పనిచేసి ఉండాలన్న షరతు లేదు.

హోస్ట్: బోర్డు సర్టిఫికేషన్, అదే స్పెషాలిటీ బోర్డు పరీక్ష పాసవడం, ఎంబీఏ?

డాక్టర్: చట్టం రెండూ అడగదు. కానీ బోర్డు లేకుండా ఆ కుర్చీ దాకా వెళ్లినవాళ్లని నేనైతే చూడలేదు. ఎంబీఏ ఉంటే మంచిదే, ఉన్నంత మాత్రాన కుర్చీ రాదు. దానికన్నా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ హోదా పనికొస్తుంది. 1946లో జనరల్ ఒమర్ బ్రాడ్లీ ఈ సంస్థని నడిపేటప్పుడు వీఏ ఆసుపత్రుల్ని మెడికల్ కాలేజీలతో ముడిపెట్టారు. అందుకే చీఫ్ ఆఫ్ స్టాఫ్ అటు కాలేజీ డీన్‌తోనూ మాట్లాడాలి.

హోస్ట్: మన డిగ్రీలు సరిచూసేటప్పుడు ఇబ్బంది ఉంటుందా?

డాక్టర్: ఉంటుంది, ఇది గట్టిగా చెప్పాలి. జిరాక్సులు చెల్లవు, డిగ్రీ ఇచ్చినవాళ్ల నుంచే నేరుగా నిర్ధారణ రావాలి. నాది ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ. తర్వాత 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ వచ్చింది. దానికి ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు. మీ సర్టిఫికెట్ మీద ఏ పేరుందో ఫారంలో అదే రాయండి, పేరు మారిందని పక్కన ఒక ముక్క రాయండి. ఈ చిన్న విషయానికి నెలలు పోతాయి.

హోస్ట్: ఈ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్లే పదిమంది వస్తే, ఎవరిని తీసుకోవాలి?

డాక్టర్: అమ్మా, అసలు సంగతి అది. ఏ డాక్టర్ ఆ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్ చేయొచ్చు, ఏది చేయకూడదు, వీటిని ప్రివిలేజెస్ అంటాం. అవి ఇవ్వడంలో, ఆపడంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ మాట చాలా పెద్దది. రోజూ కలిసి కాఫీ తాగిన సర్జన్‌ని పిలిచి, "రేపటి నుంచి నువ్వు థియేటర్‌లోకి వెళ్లొద్దు" అని చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో ఆర్కన్సాలోని ఫయెట్‌విల్ వీఏలో చూశాం. అక్కడ పాథాలజీ, అంటే కణజాలం పరీక్షించి జబ్బు తేల్చే విభాగానికి పెద్దగా 2005లో చేరిన ఒక డాక్టర్ తాగి డ్యూటీకి వచ్చేవాడు. తన తప్పులు బయటపడకుండా లెక్కలు కూడా మార్చేసేవాడు. 2018లో తీసేసి పాత కేసులు తిరగేస్తే, దాదాపు 34,000 కేసుల్లో 3,000కి పైగా తప్పులు. కాన్సర్ ఉన్నవాళ్లకి లేదని, లేనివాళ్లకి ఉందని. మనుషులు పోయారమ్మా. అతనికి 20 ఏళ్ల జైలు పడింది. చుట్టూ ఉన్న సిబ్బందికి అనుమానం లేకపోలేదు, పైకి చెప్పడానికి వెనకాడారని విచారణలో తేలింది. కింద ఉన్నవాడు భయం లేకుండా పైకి చెప్పగలగాలి. ఆ వాతావరణం ఎవరు తేవాలి? పైన కూర్చున్న డాక్టరే.

హోస్ట్: అలా తెచ్చినవాళ్లు ఉన్నారా?

డాక్టర్: ఉన్నారు. కెంటకీలో లెక్సింగ్టన్ వీఏ. స్టీవ్ క్రామన్ అని అక్కడి చీఫ్ ఆఫ్ స్టాఫ్. వైద్యంలో పొరపాట్ల మీద వేసిన రెండు కేసులు ఆ ఆసుపత్రి ఓడిపోయి 15 లక్షల డాలర్లకి పైగా కట్టాల్సి వచ్చింది. మామూలుగా అయితే లాయర్ల సంఖ్య పెంచుతారు. వీళ్లు 1987 నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మా వల్ల పొరపాటు జరిగిందని తేలితే, పేషెంటుకి గానీ ఇంటివాళ్లకి గానీ మేమే కబురు పెట్టి చెప్తాం, క్షమాపణ అడుగుతాం, పరిహారం ఎలా అడగాలో కూడా మేమే చెప్తాం అని.

హోస్ట్: ఇంటివాళ్లకి అనుమానం లేకపోయినా?

డాక్టర్: లేకపోయినా. ఆసుపత్రి మునిగిపోతుందన్నారు జనం. 1999లో వాళ్లు లెక్కలు ప్రచురిస్తే, సాటి వీఏ ఆసుపత్రులతో పోల్చినా ఖర్చు మితంగానే ఉంది. తర్వాత వీఏ మొత్తానికీ అదే నియమమైంది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పకుండా ఊరుకున్న సంగతులు గుర్తొచ్చాయి.

హోస్ట్: మీరు ఎంపిక కమిటీల్లో కూర్చున్నారు కదా. ఏం అడిగేవారు?

డాక్టర్: ఒకే ప్రశ్న. "తప్పు మాదేనని ఒక కుటుంబానికి ఆఖరిసారి ఎప్పుడు చెప్పారు?" చాలామంది పాలసీ గురించి మాట్లాడతారు. ఒకాయన మాత్రం ఆ పేషెంటు కూతురు ఏ కుర్చీలో కూర్చుందో, ముందు ఏం అడిగిందో చెప్పాడు. చెప్తూ మధ్యలో ఆగిపోయాడు.

హోస్ట్: ఆయన్నే తీసుకున్నారా?

డాక్టర్: లేదమ్మా. ఇంకా పెద్ద రెజ్యూమే ఉన్నాయన్ని తీసుకున్నారు. నేను గట్టిగా పట్టుపట్టి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

హోస్ట్: మెయిల్ పెట్టినాయన ఇప్పటినుంచీ ఏం చేయాలి?

డాక్టర్: పీర్ రివ్యూ కమిటీలో చేరమనండి. ఎవరూ ఇష్టంగా చేరరు, తోటివాళ్ల కేసులు చదివి తప్పొప్పులు తేల్చాలి కదా. చీఫ్ ఆఫ్ స్టాఫ్ పని అక్కడే నేర్చుకుంటారు.

హోస్ట్: ఆఖరుగా ఇంకొకటి అడిగారు. యాస అడ్డమవుతుందా అని.

డాక్టర్: యాస గురించి దిగులొద్దు. వీఏ పేషెంట్లు తుపాకుల మోత, ఇంజిన్ల మోత మధ్య పనిచేసినవాళ్లు. చాలామందికి చెవిలో హోరు, వినికిడి తక్కువ. కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడొద్దు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎదురుగా మొహం కనపడేలా కూర్చుని, నిదానంగా చెప్పమనండి. అర్థమైందో లేదో మళ్లీ వాళ్ల నోటితోనే చెప్పించమనండి.