ఐదు వేల 'గొర్రెతోలు' పైలట్ జాకెట్‌లో గొర్రె ఎక్కడుంది? స్లీవ్ కోసి చూపిస్తా!

నమస్తే అన్నలూ, అక్కలూ! ఈ కత్తెర కనిపిస్తోందా? ఈ వీడియో అయిపోయేలోపు ఈ జాకెట్ స్లీవ్ కోసేస్తా. 4,800 రూపాయలు పెట్టి కొన్నా. అయినా కోసేస్తా.

పోయిన వారం నేనొక మాట అన్నా: "ఆన్‌లైన్‌లో ఐదు వేలకు దొరికే గొర్రెతోలు పైలట్ జాకెట్లలో గొర్రె లేదు" అని. అంతే, మీరు రెండు జట్లయ్యారు. "నలభై వేల అసలు జాకెట్‌కీ దీనికీ తేడా పేరొక్కటే" అని సగం మంది. "తక్కువ ధర నకలు అంటేనే చెత్త" అని మిగతా సగం. ఇద్దరిదీ తప్పే! ధర పక్కన పెట్టండి. బ్యాడ్జీలు పక్కన పెట్టండి. స్లీవ్ లోపల చెయ్యి పెట్టండి. చంక దాకా పోనివ్వండి. అక్కడ ఊలు తగిలిందా, లేదా? నాకు అదొక్కటే పరీక్ష.

ఎందుకంటే అసలు జాకెట్‌లో తోలు వేరు, ఊలు వేరు కాదు. గొర్రె ఒంటి మీద ఎలా ఉందో అలాగే తీసి, తిప్పి కుడతారు. ఊలు లోపలికి, తోలు బయటికి. బయట తోలు గాలిని ఆపుతుంది, లోపల ఊలు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. మధ్యలో స్పాంజీ ఉండదు, వేరే లైనింగ్ ఉండదు. దీన్ని బ్రిటిష్ వైమానిక దళానికి తయారుచేసింది లెస్లీ ఇర్విన్. 1919లో విమానంలోంచి దూకి, గాల్లో పడుతూ తన చేత్తోనే పారాచూట్ తెరిచి చూపించిన మనిషి ఆయన. 20,000 అడుగుల పైన మైనస్ 25 డిగ్రీల చలి ఉంటుంది. ఆ చలిలో చెయ్యి బిగుసుకుపోతే పైలట్ పని అయిపోయినట్టే. ఇప్పుడు చెప్పండి, స్లీవ్‌లో ఊలు లేని పైలట్ జాకెట్ ఏంటి?

ఇంకో మాట, ఇది మన చరిత్ర కూడా. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్లతో పోరాడిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల దళాల్లో ఒకటైన 152 స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా! వరంగల్ పక్కన మామునూరు పాత విమానాశ్రయంలో మళ్ళీ విమానం ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్న ఊరు మనది, ఈ సంగతి మనకు తెలిసుండాలి. మరి ఈ జాకెట్ మీద ఏం కుట్టారో చూడండి. జాకెట్ కటింగ్ ఏమో అమెరికా వైమానిక దళం వాళ్ళ బీ-3 అనే గొర్రెతోలు జాకెట్‌ది, 1934 నాటిది. మెడ దగ్గర పట్టీలు చూడండి, అదే. భుజం మీద బ్రిటిష్ దళం గుండ్రటి గుర్తు! చరిత్ర అమ్ముతున్నామని రాసుకుంటారు, ఏ దేశపు జాకెటో కూడా చూసుకోరు. నాకైతే ఒళ్ళు మండింది.

దీన్ని పట్టుకుని హన్మకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి పోయా. ఆయన బ్యాడ్జీ వైపు చూడనే లేదు. నేరుగా స్లీవ్‌లోకి చెయ్యి పోనిచ్చాడు, అంచు తిప్పాడు, గోటితో గీకాడు. "బిడ్డా, తోలైతే సూది దిగేటప్పుడు తెలుస్తది. ఇది గుడ్డ మీద రంగు" అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

మా నాన్న గొంగడి కొనేటప్పుడు కూడా అంతే. పరిచి, దాని మీద నీళ్ళు చల్లి, చుక్కలు నిలుస్తున్నాయా, లోపలికి దిగుతున్నాయా అని చూసేవాడు. దక్కనీ నల్ల గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పెట్టి కురుమలు నేసిన గొంగడి. వానలో మందతో నడిచే మనిషి కప్పుకునేది, కాబట్టి ఆ పరీక్ష. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానం మన తెలంగాణది, కోటీ తొంభై లక్షలు. అలాంటి మనకా పాలిస్టర్‌ను గొర్రె అని అంటగట్టేది?

సరే, కోస్తున్నా. దగ్గరికి రండి. ఇదిగో పైన మెరిసే పొర, ప్లాస్టిక్ పూత. దాని కింద అల్లిక గుడ్డ. ఇక్కడ పల్చటి దూది లాంటి పొర. లోపల నున్నటి లైనింగ్. ఊలు ఎక్కడ? మణికట్టు దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పున, మెడ దగ్గర, ముందు అంచుల్లో. అంటే ఫొటోలో కనిపించే చోటల్లా! ఆ 'ఊలు' కూడా కొంచెం పీకి, పళ్ళెంలో పెట్టి కాల్చా. నిజమైన ఊలు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఇదేమో కరిగి ముద్దయింది, చల్లారాక గట్టి పూసలా మిగిలింది. స్లీవ్ మీది జిప్పు కూడా చూడండి, లాగితే తెరుచుకోదు! లావు గ్లవ్స్ మీదుగా స్లీవ్ దిగాలని ఇర్విన్ జాకెట్‌లో పెట్టిన జిప్పు అది. ఇక్కడ బొమ్మ.

లెక్క వేయండి. ఒక జాకెట్‌కు నాలుగైదు తోళ్ళైనా కావాలి, అదీ ఒత్తుగా ఊలు పెరిగే జాతివి. వాటిని శుద్ధి చేయాలి, రంగు వేయాలి, కుట్టాలి, మన ఇంటికి చేర్చాలి. ఐదు వేలలో ఎలా వస్తుంది?

అలాగని కొంచెం ఖరీదైన, నిజమైన గొర్రెతోలు నకళ్ళను తిట్టకండి. "ముక్కలు ముక్కలుగా అతికారు" అని ఒక తమ్ముడు వెనక్కి పంపేశాడు. అయ్యో తమ్ముడూ! యుద్ధంలో పెద్ద తోళ్ళు దొరక్క ఇర్విన్ జాకెట్లనే చిన్న ముక్కలతో కుట్టారు. కాలర్ రంగు ఒంటి రంగుతో కలవకపోవడం అప్పుడూ ఉంది. అవి తప్పులు కావు. బరువుగా ఉందని కూడా భయపడకండి, రెండు మూడు కిలోలు ఉండాల్సిందే. కాకపోతే వానాకాలంలో ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టకండి, బూజు పడుతుంది. నీడలో గాలికి వేలాడదీయండి.

ఇప్పటికే ఇలాంటిది కొన్నవాళ్ళు, వాపసు గడువు ఉంటే ఈ రోజే పంపేయండి. గడువు దాటితే డిసెంబర్‌లో తెల్లవారుజామున కాజీపేట స్టేషన్‌కి బండి మీద పోవడానికి వాడుకోండి, దానికి సరిపోతుంది. లడఖ్ మాత్రం వేసుకుపోకండి. మన ఎండలకు ఆ పూత కొన్నేళ్ళకే పొలుసులుగా రాలిపోతుంది, అది కూడా చెప్తున్నా.

కొత్తగా కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందు అమ్మేవాణ్ణి ఒకే ఒక్క ఫొటో అడగండి: స్లీవ్ తిరగేసి, ఊలు పాయ తీసి, అడుగున తోలు కనిపించేలా. నేను ఈ జాకెట్ అమ్మినవాణ్ణి మూడుసార్లు అడిగా. మూడుసార్లూ ముందువైపు ఫొటోనే పంపాడు.