పిల్లల కృత్రిమ కాళ్ల కంపెనీ షేరు కొనేముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈమధ్య మనవాళ్ల టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పిల్లలకు కృత్రిమ కాళ్లు చేసే కంపెనీ అట, షేరు 4 రూపాయలు, ఏడాదిలో 40 అవుతుందట. కింద కొత్త కాలుతో నడుస్తున్న పాప ఫొటో. కావలి నుంచి ఒకన్న, రొయ్యల మీద వచ్చిన డబ్బులో లక్ష పెట్టొచ్చా అని అడిగారు. కంపెనీ పేరు చెప్పను గానీ, ఇలాంటి షేరును ఎలా చూడాలో చూపిస్తా. ఆ ఫొటో మాత్రం కాసేపు పక్కన పెట్టండి. దాన్ని చూస్తూ లెక్కలు అడగాలంటే మనకే మొహమాటం.

ఎదిగే బిడ్డకు సాకెట్ (మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం) బిగుతైపోతుంది, పసివయసులో ఇంచుమించు ఏటా కాలు మార్చాలి. ఒక్క కస్టమర్ ఎన్నోసార్లు కొంటాడని ఊరించేది ఇక్కడే. కానీ డబ్బెవరు కడతారు? కనిగిరిలోనో ఉదయగిరిలోనో ఏడాదికో కాలు కొనగలిగే ఇళ్లు ఎన్ని? జైపూర్ ఫుట్ అమర్చే సంస్థ 1975 నుంచీ ఉచితంగానే ఇస్తోంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసినవి, దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద అర్హులకు అందుతాయి. మరి ఈ కంపెనీ సరుకు ఎవరు కొంటున్నారు? యాన్యువల్ రిపోర్ట్‌లో అది కనపడాలి.

ఇప్పుడు బీఎస్ఈ (ముంబైలోని స్టాక్ ఎక్స్ఛేంజ్) వెబ్‌సైట్ తెరవండి, కంపెనీ పేరు కొట్టండి. లాభం అంకె చూసి ఆగిపోవద్దు, నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌కి రండి. కాగితం మీద లాభం ఉండి, వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఏటా మైనస్‌లో ఉంటే, అమ్మిన సరుకుకు డబ్బు చేతికి రాకపోయి ఉండొచ్చు. ట్రేడ్ రిసీవబుల్స్, అంటే కొన్నవాళ్ల నుంచి ఇంకా రావాల్సిన బాకీలు, అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నా అనుమానించాల్సిందే.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, అంటే ఎవరి చేతిలో ఎంత వాటా ఉందో చెప్పే పట్టిక. మూడు నెలలకోసారి వస్తుంది. ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపేవాళ్ల) వాటా చూడండి. తర్వాత పబ్లిక్‌లో, 2 లక్షల లోపు షేర్ క్యాపిటల్ ఉన్న చిన్న ఇన్వెస్టర్ల వరుస. నాలుగు క్వార్టర్లు పక్కపక్కన పెట్టండి. పైన ప్రమోటర్ల వాటా తగ్గుతూ, కింద మనలాంటివాళ్ల సంఖ్య వేలల్లో పెరుగుతుంటే, తెలిసినవాళ్లు దిగిపోతున్న బండిని మనం ఎక్కుతున్నట్టు.

ఇక లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో షేరు ఇంతకంటే పడకూడదని పెట్టిన హద్దు. 5 శాతం పరిమితి ఉన్న షేరు 4 రూపాయల నుంచి 3.80కి, మర్నాడు 3.61కి, ఆ తర్వాత 3.43కి పడుతుంది. స్క్రీన్ మీద అమ్మేవాళ్ల వైపు లక్షల షేర్లు, కొనేవాళ్ల వైపు సున్నా. ఫలానా ధరకు పడితే అమ్మేయమని ముందే స్టాప్‌లాస్ పెట్టినా కొనేవాడు లేందే మీ షేరు అమ్ముడుపోదు. ఎన్ని రోజులు ఇలా సాగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే అన్నా, ఆ లక్ష వచ్చే పంటకు సీడుకీ మేతకీ కావాల్సిందైతే దీన్ని ముట్టుకోవద్దు.

పిల్లలకు సాయం చేయాలనే ఉంటే, ఉచితంగా కాళ్లు అమర్చే సంస్థకే నేరుగా ఇవ్వండి. మార్కెట్లో ఎవరో అమ్మిన షేరు కొంటే ఆ డబ్బు అమ్మినవాడికి పోతుంది, పాప కాలికి కాదు. మెసేజ్ పెట్టినాయన్ని సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఇస్తే ఆ నంబర్ సెబీ వెబ్‌సైట్‌లో వెతికి, పేరు సరిపోయిందో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే గ్రూపులోంచి బయటికి వచ్చేయండి.