దొడ్డిలో కిటకిట, కొట్లో కటకట

అందరికీ నమస్కారం.

మాంసం కొరత గురించి చెప్పమన్నారు. కొరత అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఖాళీ అర. సరుకు లేదు కాబట్టే దొరకడం లేదనుకుంటాం. మాంసం దగ్గర ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

2020 ఏప్రిల్, మే నెలల్లో అమెరికాను తీసుకోండి. సూపర్‌మార్కెట్లలో మాంసం ప్యాకెట్లు మనిషికి ఇన్నే అని బోర్డులు వెలిశాయి. హాంబర్గర్లే ప్రాణమైన వెండీస్ సంస్థ కొన్ని శాఖల్లో బీఫ్ బర్గర్లు లేవని చేతులెత్తేసింది. సరిగ్గా అవే రోజుల్లో, అదే దేశంలో, కొనేవాడు లేక రైతులు ఆరోగ్యంగా ఉన్న పందుల్ని చంపి పారేసుకున్నారు.

రెండింటికీ కారణం ఒకటే. చిక్కు మధ్యలో పడింది, కబేళా దగ్గర. అక్కడ చలిగదుల్లో మనుషులు భుజం భుజం రాసుకుంటూ నిలబడి కత్తి పట్టుకుని పని చేస్తారు. యంత్రాల హోరులో పక్కవాడికి వినబడాలంటే అరవాలి. కోవిడ్‌కి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్‌లో స్మిత్‌ఫీల్డ్ అనే మాంసం కంపెనీ వాళ్ల కబేళా ఏప్రిల్‌లో మూతపడింది. దేశంలోని పంది మాంసంలో నూటికి నాలుగైదు వంతులు ఆ ఒక్కచోటి నుంచే వచ్చేది. ఆ వెనకే మరికొన్ని మూతపడ్డాయి. ఆ నెలాఖరున అధ్యక్షుడు ట్రంప్ వాటిని నడిపించాలని ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వుతో తలుపులు తెరుచుకోవచ్చు గానీ, జ్వరంతో పడుకున్న మనిషి లేచి రాడు కదా.

సరే, కబేళా మూస్తే పంది నాలుగు వారాలు ఆగొచ్చు కదా అంటారు. ఆగలేదు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే విషయమంతా ఇక్కడే ఉంది.

పంది చూడి మోసేది 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని రైతులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. పుట్టిన పిల్ల ఆరు నెలల్లో 125, 130 కిలోలకు వస్తుంది. అంటే ఇవాళ లారీ ఎక్కాల్సిన పందిని తయారు చెయ్యాలని రైతు దాదాపు పది నెలల కిందటే నిర్ణయించుకున్నాడు. అది ఖాళీ చెయ్యాల్సిన షెడ్డులోకి రావాల్సిన పిల్లలు అప్పటికే పుట్టేసి ఉన్నాయి. వాటి వెనక తల్లుల కడుపులో ఇంకో వరస. ముందు లారీ కదలకపోతే వరసంతా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంది. పైగా ఆ వయసులో పంది రోజుకు కిలో దాకా ఎక్కుతుంది. మరీ బరువెక్కితే కబేళా కూడా వద్దంటుంది. అక్కడి కొక్కేలూ గొలుసులూ ఒక కొలతకు కట్టినవి మరి.

రైతులు ఏం చేశారో తెలుసా? దాణాలో మొక్కజొన్న, సోయా చెక్క తగ్గించి పీచు పెంచారు. షెడ్డులో వేడి పెంచారు, ఉక్కపోతకు పంది తిండి తగ్గిస్తుందని. ఏళ్ల తరబడి పంది త్వరగా పెరగాలని తంటాలు పడ్డవాళ్లు, పెరగకుండా ఉంటే చాలని తంటాలు పడ్డారు. అదీ చాలనిచోట చంపారు. గాలి ఆపేసి, వేడి పెంచి షెడ్డు మొత్తాన్ని చంపిన సందర్భాలున్నాయి. దానికి ఏ మెత్తటి పేరు పెట్టినా నేను ఒప్పుకోను. కోడికి గడువు ఇంకా తక్కువ, ఆరేడు వారాలే. డెలావేర్, మేరీలాండ్ ప్రాంతంలో కబేళాకు కూలీలు రాక, ఒకే కంపెనీ తాలూకు 20 లక్షలకు దగ్గరగా కోళ్లను ఫారాల్లోనే చంపేశారు.

కొనేవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. హోటళ్లు మూతపడటంతో వాటికోసం కట్టిన పెద్ద పెద్ద పెట్టెల మాంసం గోదాముల్లోనే ఉండిపోయింది. ఇంటికి తీసుకెళ్లే చిన్న ప్యాకెట్టుగా దాన్ని మార్చడానికి చేతులూ లేవు, అట్టలూ లేవు. ఈలోపు ప్రతి ఇల్లూ ఒక్కో ప్యాకెట్టు ఎక్కువ తెచ్చి ఫ్రీజర్లో పెట్టుకుంది. అర ఖాళీ అవడానికి అదొక్కటీ చాలు.

ధర కూడా రెండు వైపులకు పోతుంది. 2019 ఆగస్టులో కాన్సస్ రాష్ట్రం హాల్కమ్‌లో రోజుకు 6,000 పశువుల్ని కోసే కబేళా కాలిపోయింది. పశువుల ధర పడింది, మాంసం ధర పెరిగింది. కబేళా తగ్గితే పశువులకు కొనేవాడు తగ్గాడు, మాంసానికి అమ్మేవాడు తగ్గాడు. అమెరికాలో మాంసానికి మేపిన పశువుల్లో నూటికి 85 వంతుల దాకా కోసేది నాలుగు కంపెనీలే. ఇంత ఇరుకు మెడ ఉన్న సీసాలో ఒక్క బిరడా పడినా చాలు. ఇది నా అభిప్రాయం, ఆ కంపెనీల వాళ్లు వేరే చెబుతారు.

బ్రిటన్‌లో 2021లో జరిగింది ఇంకా విచిత్రం. సహజవాయువు ధర పెరిగి రెండు ఎరువుల కర్మాగారాలు ఆగాయి. ఎరువుకీ పందికీ ఏం సంబంధం? ఆ కర్మాగారాల్లో ఉప ఉత్పత్తిగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తోనే పందుల్నీ కోళ్లనీ కోతకు ముందు స్పృహ తప్పిస్తారు. దానికి తోడు కోసేవాళ్ల కొరత. పందులు ఫారాల్లో పేరుకుపోయాక, 800 మంది దాకా కసాయిలకు తాత్కాలిక వీసాలిస్తామని ప్రభుత్వం అంది.

ఇవన్నీ పశువులుండీ మాంసం లేని కథలు. పశువులే లేని కథ వేరు. 2018 ఆగస్టులో చైనాలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. మనిషికి సోకదు, పందికి దాదాపు చావే. ఏడాది దాటేసరికి అక్కడి మందలో నూటికి 40 దాకా పోయాయి. అక్కడ కబేళాలు తెరిచి ఉన్నా లాభం లేదు.

ఆవుల మంద తిరిగి పెరగడానికైతే ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. 2025 జనవరిలో అమెరికా పశువుల లెక్క 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కరువుతో మేత లేక రైతులు ఆవుల్నే అమ్ముకున్నారు. ఇప్పుడు మంద పెంచాలంటే పెయ్య దూడల్ని కోతకు పంపకుండా ఆపుకోవాలి, అంటే ముందుగా మాంసం ఇంకా తగ్గుతుంది. ఇవాళ పాలు మాన్పించి మందలో నిలుపుకున్న పెయ్య ఎదకు రావాలి, చూడి కట్టాలి, తొమ్మిది నెలలు మొయ్యాలి, ఈనాలి. ఆ దూడ మళ్లీ ఏడాదిన్నర మెయ్యాలి. ఆ మాంసం అరలోకి వచ్చేసరికి దాదాపు మూడేళ్లు.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.