పరీక్ష బోరు ఖర్చు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

నేలలోకి పది పదిహేను మీటర్లు దిగితే అక్కడ ఎండాకాలమూ ఉండదు, చలికాలమూ ఉండదు. ఏడాది పొడవునా వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. బోర్లు వేసి, వాటిలోకి పైపులు దించి నీళ్లు తిప్పితే, చలికాలంలో అవి నేలలోని వెచ్చదనాన్ని పైకి తెస్తాయి. వేసవిలో భవనాల వేడిని మోసుకెళ్లి నేలలో వదులుతాయి. మధ్యలో ఉండి వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోసే హీట్ పంపుది మన ఫ్రిజ్ సూత్రమే. ఇలాంటి బోర్లనూ పైపులనూ ఊళ్లోని చాలా భవనాలకు కలిపి ఒకే నెట్‌వర్క్‌గా మున్సిపాలిటీలు వేసుకోవచ్చు.

వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా మొదట్లోనే. కింద ఉన్న రాయి వేడిని ఎంత తొందరగా పీల్చుకుంటుందో పైనుంచి చూసి చెప్పలేం. ముందు ఒక పరీక్ష బోరు వేయాలి. అందులో రెండు రోజులకు పైగా వేడి నీళ్లు తిప్పుతూ, లోపలికి వెళ్లే నీటి వేడి ఎంత, తిరిగొచ్చే నీటి వేడి ఎంత అని అదే పనిగా నమోదు చేస్తూ పోవాలి. మొత్తం ఎన్ని బోర్లు కావాలో ఆ అంకెలు చూశాకే తేలుతుంది. అవి ఆశించినట్టు రాకపోతే? డబ్బు గోతిలో పోశారని కౌన్సిల్ మీటింగులో నిలదీస్తారు. ఆ టెన్షన్ మనకెందుకని మున్సిపాలిటీలు వెనకాడితే నేనైతే తప్పుపట్టను.

ప్రభుత్వ నిధి ఆదుకోవాల్సింది సరిగ్గా ఇక్కడే. ఐస్‌లాండ్ ఈ సంగతి 1960వ దశకంలోనే గ్రహించింది. వేడి నీటి కోసం తవ్వే ఊళ్లకు ప్రభుత్వ నిధి నుంచి అప్పిచ్చింది. బోరు ఫలిస్తే అప్పు తీర్చాలి, ఫెయిలైతే అది గ్రాంటుగా మారిపోతుంది. అక్కడ ఇప్పుడు పదింట తొమ్మిది ఇళ్లకు వెచ్చదనం నేలలోంచే వస్తోంది. వాళ్లది అగ్నిపర్వతాల నేల, నిజమే. కానీ ఆ అప్పు షరతు పెట్టడానికి అగ్నిపర్వతం అక్కర్లేదు కదా!

అమెరికా ఇంధన శాఖ 2023లో 11 చోట్ల బృందాలకు కలిపి 1.3 కోట్ల డాలర్లు ప్రకటించింది. పైపులు వేయడానికి కాదు, ముందుగా డిజైన్ గీసుకోవడానికి. వాటిలో ఒకటైన మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో, ఒక గ్యాస్ కంపెనీ వేసిన నెట్‌వర్క్ 2024లో మొదలైంది. ఇళ్లూ, ఫైర్ స్టేషనూ ఒకే పైపుల వరుస మీద ఉన్నాయి.

ఇలాంటి నిధులకు నేనైతే ఇంకో షరతు కూడా పెడతాను. పరీక్ష బోరు అంకెలన్నీ జనం ముందు పెట్టాలి, ఫెయిలైన బోరువి కూడా. పక్క ఊరి ఇంజనీరు తన బోరు ఎక్కడ వేయకూడదో వాటిని చూసి తెలుసుకుంటాడు.