సిగ్నెట్టి వచ్చిన ఏడాది

(2025 ఉగాదికి ఇండియానా రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో కలుసుకున్న తెలుగువారి ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. అందరికీ విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు.

ఈ ఊళ్లో ఆట అంటే బాస్కెట్‌బాలే. ఇండియానా యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కూడా ఉందన్న సంగతి మనలో చాలామందికి ట్రాఫిక్ ఆగిపోయిన శనివారాల్లోనే గుర్తొచ్చేది. 2021లో ఆ జట్టు రెండు గెలిచి పది ఓడింది. 2022లో నాలుగు గెలిచి ఎనిమిది, 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. అప్పటికి పెద్ద కాలేజీ జట్లన్నిటిలోకీ చరిత్రలో ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది కూడా మనవాళ్లే.

2023 నవంబరు 30న కర్ట్ సిగ్నెట్టిని హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 62. ఇంతగా ఓడే జట్టులోకి రమ్మని కుర్రాళ్లను ఎలా ఒప్పిస్తారని విలేకరులు అడిగారు. "నేను గెలుస్తాను. గూగుల్ చేసి చూడండి" అన్నారాయన. పొగరు అనుకున్నవాళ్లున్నారు. కానీ నిజంగానే వెతికి చూస్తే కనిపించేది పొగరు కాదు. అలబామా యూనివర్సిటీలో పేరుమోసిన హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర, పాస్‌లు అందుకునే రిసీవర్ల కోచ్‌గా ఉండి, 2009 సీజన్లో జాతీయ చాంపియన్‌షిప్ చూసిన మనిషి, 2011లో ఆ కొలువు వదులుకుని, జీతం తగ్గినా సరే, పెన్సిల్వేనియాలో ఒక చిన్న డివిజన్ జట్టుకు హెడ్ కోచ్‌గా వెళ్లారు. అక్కడి నుంచి ఈలాన్ యూనివర్సిటీ, తర్వాత జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ. హెడ్ కోచ్‌గా ఏ ఒక్క సీజన్లోనూ ఆయనకు గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ లేవు.

ఇక్కడికి వచ్చాక ఆయన చేసిన పని సూటిగా ఉంది. ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారి, ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడొచ్చు. రేపు ఎంత గొప్పవాడవుతాడో అన్న అంచనాలు ఆయన పక్కన పెట్టారు. ఇప్పటికే మైదానంలో ఆడి చూపించినవాళ్లనే ఏరుకున్నారు. జేమ్స్ మాడిసన్ నుంచే 13 మంది ఆయన వెంట వచ్చారు. డిఫెన్స్ మధ్యలో నిలిచే లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, రిసీవర్ ఎలైజా సారట్, ఎదుటి రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్ డి ఆంజెలో పాండ్స్ వాళ్లలోని వారే. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ ఒహాయో యూనివర్సిటీ నుంచి వచ్చిన కెనడా కుర్రాడు. అతను మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఉండగానే సీజన్ అంతా ఆడాడని తర్వాత తెలిసింది. మధ్యలో చేతి బొటనవేలి గాయంతో ఒక్క మ్యాచ్ ఆగాడు. అయినా ఆరేసి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 29 వేశాడు.

కానీ నాకు ఎక్కువగా చెప్పాలనిపించేది కొత్తగా వచ్చినవాళ్ల గురించి కాదు. మైక్ కాటిక్ అనే సెంటర్ ఉన్నాడు. బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించి, ఎదుటివాళ్లు మీద పడకుండా అడ్డుకోవడం అతని పని. టీవీలో అతని పేరు పెద్దగా వినపడదు. 2019లో వచ్చాడు. ఇందాక చెప్పిన మూడు చెడ్డ సంవత్సరాలూ ఇక్కడే ఆడాడు. వెళ్లిపోవడానికి దారి తెరిచే ఉన్నా వెళ్లలేదు. బయటి ఆటగాళ్లతో జట్టును కొనుక్కొచ్చారని ఎవరైనా నాతో అంటే నేను ఒప్పుకోను. కాటిక్‌లాంటి వాళ్లు లేకుండా ముందు నిలబడి అడ్డుకునే ఆ లైన్ నిలబడేది కాదు.

ఆ తర్వాత జరిగింది మీరంతా చూశారు. 2024 సీజన్లో వరసగా పది గెలుపులు. నెబ్రాస్కాపై 56–7. అంతకుముందు ఏడాది జాతీయ చాంపియన్ అయిన మిషిగన్‌పై 20–15. ఈ జట్టు ఒక సీజన్లో పది మ్యాచ్‌లు గెలవడం అదే మొదటిసారి. 1945లో, 1967లో కూడా తొమ్మిది దగ్గరే ఆగింది. నవంబరు 23న ఒహాయో స్టేట్ చేతిలో 38–15తో ఓడిపోయాం. వారం తిరక్కుండానే పర్డ్యూని 66–0తో ఓడించాం. ఆ స్కోరు నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

డిసెంబరు 20న నోటర్ డామ్‌తో ప్లేఆఫ్, అంటే జాతీయ చాంపియన్‌షిప్ కోసం జరిగే నాకౌట్ పోటీలో మొదటి రౌండ్. 27–17తో ఓడిపోయాం. తేలికైన షెడ్యూల్ వల్ల గట్టెక్కారు తప్ప వీళ్లకు ప్లేఆఫ్ అర్హత లేదని మర్నాటి నుంచీ టీవీల్లో ఒకటే మాట. మన చివరి రెండు టచ్‌డౌన్‌లు ఆట చేజారాక వచ్చినవే, అది నిజం. షెడ్యూల్ తేలికే, అదీ నిజం. అయితే ఆ మొదటి రౌండ్ నాలుగు మ్యాచ్‌ల్లో ఓడినవాళ్లలో అతి తక్కువ తేడాతో ఓడింది ఇండియానాయే. సీజన్ మొత్తంలో మనల్ని ఓడించింది రెండే జట్లు, ఒహాయో స్టేట్, నోటర్ డామ్. జనవరి 20న ఫైనల్ ఆడింది ఆ రెండే. ఈ సంగతి ఆ టీవీ చర్చల్లో గట్టిగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

కాటిక్, రూర్క్ ఇద్దరి కాలేజీ ఆట ముగిసింది. కాలిఫోర్నియా నుంచి ఫెర్నాండో మెండోజా అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. ఆగస్టు 30న మెమోరియల్ స్టేడియంలో ఓల్డ్ డొమినియన్‌తో మొదటి మ్యాచ్. ఆగస్టులో చదువుకోవడానికి కొత్తగా ఇక్కడ దిగే మన పిల్లలను కూడా వెంటపెట్టుకుని రండి. రూల్స్ తెలియకపోతే నా పక్కన కూర్చోండి, చెబుతాను.