గూగుల్‌లో మన పేజీ ఎందుకు కనబడదు?

అందరికీ నమస్కారం.

తెలుగులో వెబ్‌సైటు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న "మా సైటు గూగుల్‌లో మొదటి పేజీకి ఎప్పుడొస్తుంది?" అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: మీ పేజీ అసలు గూగుల్ దగ్గర ఉందా? ఉంటే, అందులో తెలుగు అక్షరాలే ఉన్నాయా? లేని పేజీకి ర్యాంకు ఎవరూ ఇవ్వలేరు. మన సైట్లలో చాలావాటికి చిక్కు ర్యాంకు దగ్గర కాదు, దానికి ముందే ఉంది. అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం అక్కడే గడుపుదాం.

ఉదాహరణకు ఒక పేజీని తీసుకుందాం. వ్యవసాయ సలహాలిచ్చే సైటులో "మిరపలో తామర పురుగుల నివారణ" అన్న వ్యాసం. గుంటూరు వైపు ఒక రైతు ఫోన్‌లో ఇదే వెతికాడనుకోండి. అప్పటికప్పుడు గూగుల్ లోకంలోని సైట్లన్నీ తిరిగి రాదు. ముందే తిరిగి, చదివి, రాసిపెట్టుకున్న సూచికలో చూసి చెబుతుంది. ఆ సూచిక పరిమాణం పది కోట్ల గిగాబైట్లకు పైమాటేనని గూగుల్ స్వయంగా చెబుతోంది. అంటే పని మూడు దశల్లో జరుగుతుంది. పేజీని తెచ్చుకోవడం క్రాలింగ్, చదివి సూచికలో ఎక్కించడం ఇండెక్సింగ్, అడిగినప్పుడు వరస పెట్టడం ర్యాంకింగ్. మొదటి రెండూ రైతు అడగకముందే అయిపోయి ఉండాలి.

క్రాలింగ్ చేసే ప్రోగ్రామును బాట్ అంటాం. గూగుల్‌ది గూగుల్‌బాట్, మైక్రోసాఫ్ట్‌ది బింగ్‌బాట్. కొత్త పేజీ ఉందని దానికి తెలిసే దారులు ప్రధానంగా రెండు: తెలిసిన పేజీ నుంచి లింకు, మీ పేజీల చిరునామాల జాబితాగా మీరిచ్చే సైట్‌మ్యాప్. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 చిరునామాల దాకా పెట్టవచ్చు, విప్పిన ఫైలు 50 మెగాబైట్లు దాటకూడదు. ప్రతి చిరునామా పక్కన ఆఖరిసారి మార్చిన తేదీ రాసే వీలుంది. కొన్ని ప్లగిన్లు అన్ని పేజీలకూ రోజూ ఇవాళ్టి తేదీ వేస్తుంటాయి. ఆ తేదీలు నిజం కావని తేలాక గూగుల్ వాటిని లెక్కలోకి తీసుకోదు. ప్రాధాన్యం అని 0.8, 1.0 అంకెలు వేసే గడి కూడా ఉంటుంది. దాన్నైతే గూగుల్ చూడనే చూడదు, మీరు శ్రమపడకండి.

సైట్‌మ్యాప్ ఉంది కదా అని లింకులు మరిచిపోవద్దు. హోంపేజీ నుంచి పంటలు, పంటల నుంచి మిరప, మిరప నుంచి ఈ వ్యాసం, ఇలా నాలుగైదు క్లిక్కుల లోపు చేరే దారి ఉండాలి. బాట్ బటన్ నొక్కదు, వేలితో పేజీని కిందికి జరపదు. "మరిన్ని చూడండి" నొక్కితేనే పాత వ్యాసాలు వచ్చేలా సైటు కడితే ఆ వ్యాసాలకు దారి మూసినట్టే. నొక్కినప్పుడు జావాస్క్రిప్ట్ ఏదో చేసే బటన్ చాలదు, చిరునామా ఉన్న అసలైన లింకు కావాలి.

ఇక రోబోట్స్ ఫైలు. సైటు మూలంలో ఉండే ఈ చిన్న టెక్స్ట్ ఫైలు 1994 నుంచి వాడుకలో ఉంది, 2022లో ప్రతిపాదిత ఇంటర్నెట్ ప్రమాణంగా ప్రచురితమైంది. ఏ బాట్ ఎక్కడికి రాకూడదో ఇందులో చెబుతాం. "డిస్‌అలో" పక్కన ఒక్క ఏటవాలు గీత ఉంటే సైటు మొత్తం మూసినట్టే. సైటు తయారవుతున్నప్పుడు పెట్టిన ఆ గీత, ప్రారంభోత్సవం అయ్యాక కూడా అలాగే ఉండిపోవడం మామూలే. వర్డ్‌ప్రెస్‌లో దీనికి అన్న లాంటి తప్పు ఇంకొకటుంది. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనేచోట సెర్చ్ ఇంజన్లను రావద్దనే టిక్కు ఒకటి ఉంటుంది. సైటు ఎందుకు కనబడదని ఎవరైనా అడిగితే ముందు చూడాల్సింది అదే.

ఇక్కడొక మెలిక ఉంది. రోబోట్స్ ఫైలు బాట్‌ను రావద్దంటుందే గాని, సూచికలో ఎక్కించవద్దని చెప్పదు. బయటి సైట్లు మీ పేజీకి లింకు ఇస్తే, లోపల ఏముందో చదవకుండానే చిరునామాను మాత్రం గూగుల్ చూపించవచ్చు. సూచికలో ఉండకూడదంటే పేజీలో నోఇండెక్స్ అనే ట్యాగు పెట్టాలి. ఆ ట్యాగును బాట్ చదవాలంటే దాన్ని లోపలికి రానివ్వాలి. రెండూ కలిపి పెట్టినవాళ్ల పేజీలు, పోవాల్సినవి పోకుండా అక్కడే కూర్చుంటాయి.

సర్వరు ఏ నంబరుతో జవాబిస్తుందో కూడా చూడండి. 200 అంటే పేజీ ఉంది, 301 అంటే శాశ్వతంగా మారింది, 404 అంటే లేదు, 503 అంటే ప్రస్తుతానికి పని చేయడం లేదు. సర్వరు పదేపదే 500 వరస లోపాలిస్తుంటే బాట్ తన రాకపోకలు తగ్గించుకుంటుంది. తొలగించిన పేజీ తెర మీద "క్షమించండి, పేజీ లేదు" అని చూపిస్తూ లోపల 200 పంపితే, దాన్ని సాఫ్ట్ 404 అంటారు. తెర మీద క్షమాపణ చెబితే సరిపోదు, నంబరు కూడా నిజం చెప్పాలి.

రెండో దశకు వద్దాం. తెలుగుకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ సొంత సంఖ్య ఉంది. డీటీపీలో వాడే అను లాంటి పాత ఫాంట్లకు అది లేదు. అందులో కంప్యూటరు దాచుకునేది ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు వాటిపైన తెలుగు ఆకారం తొడుగుతుంది. పుస్తకం అచ్చు వేయడానికి చక్కగా పనికొస్తుంది. అదే ఫైలును పీడీఎఫ్ చేసి సైటులో పెడితే, మనకు కనిపించేది "మిరప", సెర్చ్ ఇంజన్ చదివేది అర్థం లేని గుర్తుల వరస. పరీక్ష చాలా తేలిక: పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ తెలుగు వస్తే బాట్‌కూ తెలుగే. పిచ్చిగీతలు వస్తే బాట్‌కూ అవే. పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ వాటిలో వత్తులు తారుమారవుతుంటాయి. మార్చాక ఒక మనిషి చదవాల్సిందే. ఇక పోస్టరు బొమ్మలో పెట్టిన వ్యాసం సంగతి: బొమ్మలోని అక్షరాల మీద ఆశ పెట్టుకోవద్దు. అదే సమాచారాన్ని కింద పాఠంగా టైపు చేయండి.

యూనికోడ్‌లో ఉన్నా కొన్ని చిక్కులు మిగులుతాయి. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి పడుతుంది. అది లేకపోతే వ వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. అక్షరానికి అక్షరం పోల్చే ప్రోగ్రాముకు ఇవి రెండు వేర్వేరు మాటలు. హైదరాబాద్, హైదరాబాదు, హైదరాబాదులో, హైదరాబాద్‌లో కూడా అంతే. పెద్ద సెర్చ్ ఇంజన్లు వీటిని కొంతవరకు కలుపుకుంటాయి. మీ సైటులోపల ఉండే వెతుకు పెట్టెకు మాత్రం ఆ తెలివి ఉండదనుకునే రాయండి. ముఖ్యమైన మాటను శీర్షికలో ఒక రూపంలో, పాఠంలో సహజంగా వచ్చే మిగతా రూపాల్లో వాడితే చాలు.

చిరునామా తెలుగులో ఉండవచ్చా? ఉండవచ్చు, ర్యాంకుకు నష్టం లేదు. కాకపోతే ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు. చిరునామాను కాపీ చేస్తే ఒక్కో బైటు మూడు గుర్తులుగా విచ్చుకుంటుంది. "తెలుగు" అనే మాటలో గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలున్నాయి, అంటే 54 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే చాంతాడంత అవుతుంది, మధ్యలో తెగితే లింకు పనిచేయదు. రెండు మూడు మాటల చిన్న చిరునామా మేలు.

ఒకే పేజీ నాలుగు చిరునామాలతో తెరుచుకోవడం ఇంకో సమస్య: డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో, అది లేకుండా, హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో. ఒకదాన్ని ఎంచుకుని మిగతా మూడింటినీ 301తో దానికి మళ్లించండి. అసలు చిరునామా ఇదీ అని చెప్పే కెనానికల్ ట్యాగు కూడా పెట్టండి, అయితే గూగుల్‌కు అది సూచనే గాని ఆజ్ఞ కాదు. ఒకే వార్తా సంస్థ కథనాన్ని ఇరవై సైట్లు ఉన్నదున్నట్టు వేస్తే, వాటన్నిటినీ ఒక గుంపుగా కట్టి ఒకదాన్నే ముందుకు తెస్తుంది. మీది మిగతా పంతొమ్మిదిలో ఉండిపోయే అవకాశమే ఎక్కువ.

సూచిక ఎలా ఉంటుంది? పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టే: ప్రతి మాటకూ ఎదురుగా అది వచ్చే పేజీల జాబితా. రైతు మూడు మాటలు వేస్తే మూడు జాబితాల్లోనూ ఉన్న పేజీలు బయటికొస్తాయి. అక్కడినుంచి ర్యాంకింగ్.

అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. అరుదైన మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలని 1972లో బ్రిటన్ కంప్యూటర్ శాస్త్రవేత్త కేరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. లెక్క కోసం 10,000 పేజీలున్నాయనుకుందాం. "మిరప" 1,000 పేజీల్లో, "తామర" 100 పేజీల్లో ఉంటే, మొత్తం పేజీలను ఆ మాట ఉన్న పేజీలతో భాగించి పది ఆధారంగా లాగరిథం తీస్తే మిరపకు బరువు 1, తామరకు 2. తర్వాత వచ్చిన బీఎం25 అనే సూత్రం ఇంకో రెండు సంగతులు చేర్చింది. ఒకే మాటను ఎన్నిసార్లు వాడినా కొంత దాటాక లాభం పెరగదు. పొడవైన పేజీకి పొడవు వల్లనే అదనపు మార్కులు రావు. ఒక్క పేరాలో "మిరప తామర పురుగు" అని పదిహేనుసార్లు కుక్కేవాళ్లు ఈ మొదటి సంగతి తెలుసుకుంటే పాఠకులకు మేలు.

మాట దొరికితే సరిపోదు, అర్థం కుదరాలి. తామర అంటే పువ్వు, చర్మానికి వచ్చే వ్యాధి, పంటను పీల్చే పురుగు. మూడింట్లో మీది ఏదో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి: లేత ఆకులు, పూత రాలడం, నీలి రంగు జిగురు అట్టలు. ఈ పని కోసమే గూగుల్ 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ లాంటి యంత్రాభ్యాస పద్ధతులు తెచ్చింది. అయినా రాసేవాళ్ల బాధ్యత పోలేదు. చాలామంది రైతులు తామర పురుగు అని వెతకరు. ఆకు అంచులు పైకి ముడుచుకోవడం చూసి "మిరపలో పై ముడత" అంటారు. నల్లి వల్ల ఆకు కిందికి ముడిస్తే "కింది ముడత". పేజీలో శాస్త్రవేత్త మాటలే ఉండి రైతు మాట లేకపోతే, జవాబు మీ దగ్గరున్నా వాళ్లకు అందదు. నా లెక్కలో తెలుగు పేజీకి చేయగలిగిన అన్నిటికన్నా చవకైన మేలు ఇదే.

లింకుల సంగతి. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ పద్ధతిని ప్రకటించారు. ఒక పేజీ తన విలువలో 85 శాతాన్ని తానిచ్చే లింకులకు సమంగా పంచుతుంది. పది లింకులుంటే ఒక్కోదానికి 8.5 శాతం. మిగతా 15 శాతం, పాఠకుడు లింకులు వదిలేసి ఎక్కడికో దూకే అవకాశానికి లెక్క. ఇచ్చే పేజీకి విలువ ఉంటేనే ఇచ్చిన లింకుకూ విలువ. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం పేజీ నుంచి వచ్చే ఒక్క లింకు ముందు, డబ్బిచ్చి కొన్న వెయ్యి లింకులు ఆనవు. వాటిని పట్టుకోవడానికే 2012లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. డబ్బు తీసుకుని లింకు ఇస్తే దానికి స్పాన్సర్డ్ అని గుర్తు పెట్టాలి. లింకు మీది మాట కూడా పనిచేస్తుంది: "ఇక్కడ క్లిక్ చేయండి" కంటే "తామర పురుగుకు జిగురు అట్టలు కట్టే పద్ధతి" నయం.

మందుల మోతాదు, ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాల్లో నమ్మకానికి ఎక్కువ తూకం. రాసినవారెవరు, అర్హత ఏమిటి, ఎప్పుడు సరిచూశారు, లీటరు నీటికి ఎంత అన్నది ఎక్కడినుంచి తీసుకున్నారు, ఇవన్నీ పేజీలో ఉండాలి. పేజీ కోడులో ముఖ్య పదాలు రాసే మెటా కీవర్డ్స్ గడిని మాత్రం ఖాళీగా వదిలేయండి, ర్యాంకుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

వేగం గురించి మూడు కొలతలు. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, చదువుతుండగా పేజీ ఎంత కదులుతుందో చూపే అంకె 0.1 దాటకూడదు. వచ్చినవారిలో కనీసం 75 శాతం మందికి ఇలా ఉండాలి. తెలుగు ఫాంట్లలో వత్తుల ఆకారాలు ఎక్కువ కనుక ఫైలు పెద్దది. శీర్షికకు ఒక ఫాంటు, పాఠానికి ఇంకొకటి, ప్రకటనకు మరొకటి పెడితే పల్లెలోని ఫోన్‌లో పేజీ తెరుచుకునేసరికి చదివేవారు వెళ్లిపోతారు. ఒక్క ఫాంటు చాలు. బొమ్మలకు వెడల్పు, ఎత్తు రాయండి, పేజీ గంతులు తగ్గుతాయి. అయితే వేగం ఒక్కటే చెత్త పేజీని పైకి తేదు.

ఇదంతా సరిచూసుకోవడానికి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం ఉచితం. పేజీ చిరునామా ఇస్తే పరిస్థితి చెబుతుంది. "డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" అంటే చిరునామా తెలుసు గాని ఇంకా రాలేదు: లోపలి లింకులు, సర్వరు వేగం చూడండి. "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" అంటే వచ్చి, చదివి, ప్రస్తుతానికి ఎక్కించలేదు: అప్పుడు చూడాల్సింది పేజీలోని సరుకును. మళ్లీ మళ్లీ అభ్యర్థన పంపితే త్వరపడదు.

మార్పు చేశాక ఫలితానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. పది మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పోల్చేటప్పుడు కాలాన్ని కూడా చూడండి. మిరప నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలై, కోతలు వేసవి మొదట్లో ముగుస్తాయి. మే నెలలో మీ పేజీకి క్లిక్కులు పడిపోతే అది ర్యాంకు పోవడం కాకపోవచ్చు, వెతికేవాళ్లే తగ్గి ఉంటారు. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు ఉంచుతుంది కాబట్టి, ఈ జనవరిని నిరుటి జనవరితో పోల్చండి. క్లిక్కులతోపాటు సగటు స్థానం కూడా దిగజారితేనే పేజీని విప్పి చూడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.