కుస్కోలో తిండి నడక: కోట ఎక్కే ముందు కొంచెం, దిగాక కడుపారా

నమస్తే అండి. ఇది పెరూలోని కుస్కో. ఊరే దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని నెత్తిన ఇంకాలు (స్పెయిన్‌వాళ్లకి ముందు ఇక్కడ ఏలినవాళ్లు) కట్టిన సక్సైవమాన్ కోట, 3,700 మీటర్లు. గైడ్ అక్కర్లేదు, సగం రోజు చాలు. కానీ తినే వరస తప్పితే నడక మెట్ల మీదే ఆగిపోతుంది. ఇక్కడి గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో మూడింట రెండు వంతులే. అరుగుదల కూడా మందగిస్తుంది. పొద్దున్నే ఫుల్ ప్లేటు లాగించి ఎక్కితే ఆయాసం, వాంతులు. కుస్కోలో దిగిన రోజే బయల్దేరకండి, మూడో రోజుకి పెట్టుకోండి.

ఏడింటికల్లా సాన్ పెద్రో మార్కెట్‌కి వెళ్లండి. ముందు జ్యూస్ కొట్ల వరస. 'సిన్ ఆగ్వా, సిన్ యెలో' అంటే స్పానిష్‌లో నీళ్లు, ఐసు లేకుండా అని. కుళాయి నీళ్లు తాగేవి కావు కాబట్టి ఈ రెండు ముక్కలు కంఠస్థం చేయాల్సిందే. గ్లాసు ఖాళీ కాగానే 'యాపా' అని అడగండి, మిక్సీలో మిగిలింది పోస్తారు. అచ్చంగా మన కొసరే! పండ్లలో గ్రనడీయా మేలు: బొటనవేళ్లతో పెంకు పగలగొట్టి, లోపలి గుజ్జు గింజలతో సహా మింగేయడమే. తొక్క తీసి తినేది కాబట్టి కడుపుకి భయం లేదు. దానితో ఒరోపేసా ఊరి రొట్టె ఒక ముక్క, అంతే.

దారికి ఉడికించిన చోక్లో ఒకటి, జున్ను ముక్క ఒకటి కట్టించుకోండి. చోక్లో అంటే బొటనవేలి గోరంత గింజలుండే మొక్కజొన్న. జున్ను ఎండలో చెడుతుంది, రెండు గంటల్లో తినేయండి. మనిషికి లీటరున్నర నీళ్లు. చేతిలో 5, 10 సోల్స్ (పెరూ డబ్బు) చిల్లర ఉండాలి. 100 నోటు ఇస్తే కొట్టువాళ్లు మొహం తిప్పుకుంటారు.

కోకా (కొకైన్ తీసే ఆకు) టీ ఒక కప్పు పర్వాలేదు. కానీ అమెరికాలో ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ ఉంటే ముట్టుకోకండి, కొకైన్ పాజిటివ్ రావచ్చు. ఆకులు, టీ బ్యాగులు అమెరికాకి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం.

మార్కెట్ నుంచి ఊరి నడిమి పెద్ద కూడలి ప్లాసా దె అర్మాస్ పది నిమిషాలు. అక్కడినుంచి సాన్ క్రిస్తోబాల్ చర్చి మీదుగా మెట్లు. అలవాటైనవాళ్లకి అరగంట, మనకి ముప్పావుగంట. మాట్లాడుతూ నడవగలిగితేనే వేగం సరైనదని లెక్క. కోటతో కలిపి నాలుగు చోట్లకి పనికొచ్చే ఒకరోజు టికెట్ చాలాకాలంగా విదేశీయులకి 70 సోల్స్, నగదు దగ్గరుంచుకోండి. పైన తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు. వంద టన్నులు దాటిన రాళ్లున్న ఆ గోడల వంకరలు చూశాక, నీడ పట్టున చోక్లో విప్పండి. చిన్న రాళ్లని స్పెయిన్‌వాళ్లు చర్చిలకి పట్టుకుపోయారు, మోయలేనివే మిగిలాయి.

దిగాక అసలు భోజనం. ఉడికించిన బంగాళదుంపల మీద ఉచుకుతా వేయించుకోండి: రొకోతో మిరప, వకతాయ్ ఆకు కలిపి రాతి మీద నూరిన పచ్చడి. మన రోటి పచ్చడికి దూరపు చుట్టం. రొకోతో గింజలు నల్లగా ఉంటాయి, కారం గట్టిది, ముందు చెంచా అంచుకి తాకించి చూడండి. నల్లగా, తేలిగ్గా కనిపించే దుంపలు చూన్యో: రాత్రి మంచులో గడ్డకట్టించి, తొక్కి నీరు తీసి, ఎండబెట్టినవి. ఒంటరిగా తింటే చప్పన, సూప్‌లో బాగుంటాయి.

శాకాహారులకి ఒక మాట. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అంటే చాలామంది కొట్టువాళ్లకి గొడ్డు మాంసం లేకుండా అని మాత్రమే. చికెన్ వేసి ఇస్తారు. 'నీ పోయో, నీ కాల్దో దె కార్నె' అని కూడా చెప్పండి: చికెనూ వద్దు, మాంసం మరిగించిన నీళ్లూ వద్దు. కీన్వా (క్వినోవా) సూప్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, దాని నీళ్లే అసలు సమస్య.

గదిలో సొంతంగా పప్పు వండుదామనుకునేవాళ్లు కుక్కర్ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గంటైనా పలుకు వదలదు.

సాయంత్రం పికరోనెస్: గుమ్మడి, చిలగడదుంప పిండితో నూనెలో వేసిన రింగులు, పైన చంకాకా పాకం. చంకాకా అంటే బెల్లమే. వేడిగా ఉన్నప్పుడే తినండి, ఈ చలిలో రెండు నిమిషాలకే రబ్బరైపోతాయి.